వెనక సీటు సద్వినియోగం

కోటనల్లూరు పురపాలక సంఘంలో అసిస్టెంటు ఇంజనీరుగా పనిచేసే కొప్పిశెట్టి గవర్రాజు ఒక కడుపునొప్పి పుణ్యమా అని పెద్ద నిపుణుడైపోయాడు. అది ఎలా జరిగిందో చెప్పే ముందు ఆయన స్కూటరు గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఎందుకంటే ఆయన కాపురమంతా దాని మీదే నడిచేది.

ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు. గవర్రాజుది మూడు గదుల పెంకుటిల్లు. అందులో వాళ్లమ్మ సుబ్బాయమ్మ గారు, ఇద్దరు తమ్ముళ్లు, మరదళ్లు, వాళ్ల పిల్లలు అంతా కలిసే ఉంటారు. అందరూ మంచివాళ్లే. మంచివాళ్లు కాబట్టే ఎవరూ ఎవర్నీ ఒంటరిగా వదిలిపెట్టరు. గవర్రాజు తుమ్మితే మూడు గదుల్లోంచీ "చిరంజీవ" అని వినిపిస్తుంది. భార్య సత్యవేణి గొంతు తగ్గించి ఏదైనా చెప్పబోతే, గొంతు ఎందుకు తగ్గిందా అని మిగతా ఇల్లంతా చప్పుడు చెయ్యడం మానేస్తుంది.

అందుకని పెళ్లయిన కొత్తలోనే వాళ్లిద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆఫీసు వదిలే వేళకి సత్యవేణి సంచీ పట్టుకుని మున్సిపాలిటీ గేటు దగ్గరికి వస్తుంది. స్కూటరెక్కి, ఆయన భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర నోరు పెట్టి, మార్కెట్టు దాకా, అక్కణ్నుంచి కాలవ గట్టు చుట్టూ తిరిగి ఇంటి దాకా, ఆ రోజు చెప్పుకోవలసినవన్నీ చెప్పేస్తుంది. హెల్మెట్టు అడ్డం కాబట్టి కాస్త గట్టిగా చెప్పాలి, అంతే. గవర్రాజు గంగిరెద్దులా తలూపుతూ బండి నడుపుతాడు. కూతుర్ని కాకినాడ హాస్టల్లో చేర్చడం, రెండో మరిదికి అప్పు ఇవ్వకపోవడం, ఆయన షుగరు పరీక్ష చేయించుకోవడం, అన్నీ ఆ సీటు మీద తేలిన విషయాలే. సత్యవేణి రెండుసార్లు చెబితే గాని తన అభిప్రాయం ఏమిటో గవర్రాజుకి తెలిసేది కాదు.

ఇక కడుపునొప్పి. మురుగుకాలవలు బాగుచెయ్యడం ఎలాగో చూసి రమ్మని ఎనిమిదిమంది ఉద్యోగుల్ని తూర్పున ఉన్న ఓ చిన్న దేశానికి పంపారు. దేశం పేరెందుకులెండి, వాళ్లు మంచివాళ్లు. దిగిన రోజే గవర్రాజు అక్కడి పులుసేదో రుచిగా ఉందని మూడు గిన్నెలు తాగాడు. మర్నాటి నుంచి మిగతా ఏడుగురూ కాలవలు చూడడానికి వెళ్తే ఆయన హోటలు గదిలో కిటికీ పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నమయ్యేసరికి కడుపునొప్పికి వేసుకున్న మందు మత్తుకి నిద్ర ముంచుకొచ్చేది. అందుచేత ఆయన ఆ దేశాన్ని చూసింది పొద్దుటి పూట మాత్రమే. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఆ కిటికీలోంచి గవర్రాజు చూసిన వింతలు అన్నీ ఇన్నీ కావు. బుట్టల గుట్ట ఒకటి దానంతటదే రోడ్డు మీద పోతోంది. దాని కింద సైకిలుందనీ, సైకిలు మీద మనిషున్నాడనీ అది మలుపు తిరిగాక గాని తెలియలేదు. ఒకడు నిలువుటద్దం కట్టుకుని వెళ్తుంటే వీధంతా ఆ అద్దంలో పడి వాడి వెంట పోతున్నట్టుంది. ఇంకొకడి బండికి నీళ్లు నింపిన సంచులు వేలాడుతున్నాయి, సంచి సంచికీ ఓ ఎర్రచేప. వెదురు బుట్టల్లో పడుకున్న పందులు, కాయల్తో సహా నారింజ చెట్టు, వీపుకి ఆనించి కట్టిన ఫ్రిజ్జు. ఆఖరికి ఒక మోటారుసైకిలు మీద ఇంకో మోటారుసైకిలు కూడా ఎక్కి వెళ్లింది. మన దగ్గర గ్యాసు బండా, వడ్ల బస్తా, మహా అయితే నలుగురు పిల్లలూ తప్ప చూసి ఎరగని గవర్రాజు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.

తిరిగొచ్చిన సాయంత్రం స్కూటరు మీద ఇదంతా సత్యవేణికి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"మరి వాళ్లావిడ ఎక్కడ కూచుంటదండీ?"

ఆ సంగతి గవర్రాజుకి తట్టనే లేదు.

"పోన్లెండి. ఇంకో మాట," అంది సత్యవేణి, కాలవ గట్టు ఎక్కుతుండగా. "అనసూయ టీచరు గారు లేరూ, కాలవ గట్టున ఆవిడ మేడమీద వాటా ఖాళీ అయిందంట. రెండు గదులు, ముందు వరండా. నెలాఖరు దాకా మన మాట కోసం చూస్తానంది. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం, కాదన్ను. కానీ నాకూ ఓ తలుపేసుకునే గది కావాలనిపిస్తందండి. ఏమంటారు?"

గవర్రాజు బండి వేగం తగ్గించాడు. వేరు కాపురమంటే మాటలా? అమ్మ ఏమనుకుంటుంది? మరదళ్లు ఏమనుకుంటారు? అయినా తలుపేసుకునే గది అనేసరికి ఆయనకీ మనసులో ఎక్కడో చల్లగా తగిలింది.

"రేపు మాట్లాడుకుందాం," అన్నాడు.

ఆ రేపు రావడానికి చాలా రోజులు పట్టింది.

మర్నాడు కమిషనర్ చిదానందరావు గారు యాత్ర ఫలితాల మీద సమీక్షా సమావేశం పెట్టారు. ఆయన నిబంధన ప్రకారం విదేశం వెళ్లొచ్చిన ప్రతి ఒక్కరూ అక్కడ గ్రహించిన పాఠం ఒకటి చెప్పి తీరాలి. మొదటి ఉద్యోగి లేచి కాలవకి వాలు ఉండాలని గ్రహించానన్నాడు. రెండోవాడూ అదే గ్రహించాడు. ఏడోవాడి దాకా అందరూ వాలే గ్రహించారు.

"వాలు ఉంటే నీళ్లు పారతాయని తెలుసుకోడానికి విమానం ఎక్కాలటయ్యా?" అని కమిషనర్ గారు ఆవలించారు. "గవర్రాజు గారూ, మీరైనా ఏదైనా గ్రహించారా?"

కాలవ మొహం చూడని గవర్రాజు గొంతు సర్దుకుని బుట్టల గుట్టతో మొదలుపెట్టాడు. చేపల దగ్గరికొచ్చేసరికి కమిషనర్ గారు నిటారుగా కూర్చున్నారు. మోటారుసైకిలు మీది మోటారుసైకిలు దగ్గర లేచి నిలబడ్డారు.

"వెనక సీటు!" అన్నారాయన, కళ్లు తుడుచుకుంటూ. "మన పట్టణంలో ఎన్ని వేల వెనక సీట్లు ఏ పనీ లేకుండా ఊరేగుతున్నాయో ఎవరైనా ఆలోచించారా? ఇది వనరుల దుర్వినియోగం కాదా? ఈ అంశాన్ని సమగ్రంగా పరిశీలించి యుద్ధప్రాతిపదికన తగు చర్యలు గైకొనవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉందని నేను భావిస్తున్నాను."

ఆయన భావించడం పూర్తయ్యేసరికి 'వెనక సీటు సద్వినియోగ పథకం' పుట్టింది. ప్రధాన రహదారుల మీద తిరిగే ప్రతి ద్విచక్ర వాహనం వెనక తగినంత సరుకు ఉండి తీరాలి, లేకపోతే జరిమానా. గోడల మీద "ఖాళీ సీటు, ఊరికి చేటు" అని రాయించారు. గవర్రాజుని పథకానికి ప్రత్యేకాధికారిగా నియమించారు. ట్రాఫిక్ ఎస్సై గారు మాత్రం అంతా విని, "బరువు ఎక్కువైతే నేను రాస్తాను, తక్కువైతే మీరు రాసుకోండి, మనకి మనకి గొడవెందుకు?" అని పక్కకి తప్పుకున్నారు.

ఎవరో ఓ సందేహం లేవనెత్తారు. వెనక సీటు మీద మనిషి కూర్చుంటే సంగతేమిటి? అది బరువే కదా?

న్యాయ సలహాదారు రెండు రోజులు ఆలోచించి తేల్చాడు. "మనిషి తనంతట తాను నడవగలడు. నడవగలిగింది సరుకు కాదు. సరుకు ఉండవలసిన చోట సరుకు కానిది ఉంటే దానిని ఆక్రమణ అంటారు."

మున్సిపాలిటీ వాళ్లకి ఆ మాట వింటే ఎక్కడలేని ఉత్సాహమూ వస్తుంది. ఆక్రమణల తొలగింపులో వాళ్లది అందె వేసిన చెయ్యి. "ముందుగా నోటీసు ఇవ్వాలి, సాక్షుల సమక్షంలో," అన్నారు కమిషనర్ గారు. "ప్రత్యేకాధికారి తన ఇంటి నుంచే శ్రీకారం చుడితే ప్రజలకు ఆదర్శప్రాయంగా ఉంటుంది."

ఆ విధంగా గవర్రాజు ఇంటికి వెళ్లి, అమ్మా తమ్ముళ్లూ మరదళ్లూ సాక్షులుగా, కట్టుకున్న భార్యకి ఆక్రమణ తొలగింపు నోటీసు ఇచ్చాడు. ఆయనకి ఇవ్వాలని లేదు. లేకపోయినా ఇచ్చాడు, అదే ఆ ఉద్యోగంలో ఉన్న చిక్కు.

సత్యవేణి చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని నోటీసు తీసుకుంది. ఒకటికి రెండుసార్లు చదివింది.

"ఇరవయ్యేళ్ల పైనుంచి అక్కడే ఉంటన్నానండీ," అంది. "పన్నేసేసి పట్టా ఇవ్వరా?"

గవర్రాజు ఆ మాట నిజంగానే కమిషనర్ గారి దగ్గర విన్నవించుకున్నాడు. ఆయన సానుభూతితో తల ఊపారు. "క్రమబద్ధీకరణకి గడువు దాటిపోయిందండీ. ముందే దరఖాస్తు చేసుకోవలసింది."

మర్నాటి నుంచి ఆఫీసు గోదాములో పాడైపోయి పడున్న ఎయిర్ కూలరు గవర్రాజు వెనక సీటు మీదకి ఎక్కింది. దానికి 'ఆదర్శ భారం' అని పేరు పెట్టారు. ప్రభుత్వ సొత్తు కాబట్టి రోడ్డు మీద వదలకూడదు. పొద్దున్నే కట్టుకుని ఆఫీసుకి వెళ్లాలి, సాయంత్రం కట్టుకుని ఇంటికి రావాలి. ఇంట్లో అది హాలు మధ్యలో కూర్చునేది. సుబ్బాయమ్మ గారు దాని మీద అప్పడాలు ఆరబెట్టేది.

ఊళ్లో మొదట్లో అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. బరువు మొయ్యమంటే మోస్తారు, బరువేదీ? బ్యాంకు గుమాస్తాకి ఏం సరుకుంటుంది? పళ్ల డాక్టరు గారు వాళ్లావిడ చూడకుండా రుబ్బురోలు ఎత్తుకొచ్చేశాడు. లెక్కల మాస్టారు పాత పరీక్ష పేపర్లు మూట కట్టుకున్నాడు.

ఆ సమయంలో దేవుడిలా వచ్చినవాడు బుల్లబ్బాయి. పేరు బుల్లబ్బాయే గాని యాభై దాటిన మనిషి. మున్సిపాలిటీ ఎదురుగా సైకిల్ స్టాండు నడుపుతాడు. స్టాండు ముందు బల్ల వేసుకుని అద్దెకి బరువులివ్వడం మొదలెట్టాడు.

"ఆయ్, రండి రండి. ఇసక మూట కావాలాండీ, బీరువా కావాలాండీ? మార్కెట్టు దాకా అయితే ఇసక చాలండి. పెళ్లికెళ్తంటే మాత్రం బీరువా పట్టుకెళ్లండి, గౌరవంగా ఉంటది."

"తిరిగి తెచ్చి ఇవ్వాలా?" అని అడిగాడు గవర్రాజు, అధికారిగా తనిఖీకి వెళ్లి.

"అక్కర్లేదండి. రోడ్డు చివర మా బావమరిది ఉంటాడండి, వాడికి ఇచ్చెయ్యండి. వాడు ఇటొచ్చేవాళ్లకి ఇస్తాడండి."

అలా ఒకే ఒక్క బీరువా పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఊరు చివరికీ మున్సిపాలిటీకీ మధ్య తిరుగుతూ ఉండేది. అందులో బట్టల్లేవు, దాన్ని కొన్నవాళ్లూ లేరు. అయినా అది దాటిన ప్రతిసారీ సరుకు రవాణా పెరిగినట్టు ఆఫీసులో రాసుకున్నారు. వారం తిరిగేసరికి కోటనల్లూరు సరుకు రవాణాలో చుట్టుపక్కల పట్టణాలన్నింటినీ మించిపోయింది. ఊళ్లో కొట్లలో మాత్రం కందిపప్పు దొరకడం లేదు. పప్పు తెచ్చే బండివాడు తన బస్తాలు దించేసిన తర్వాత ఖాళీగా వెనక్కి వెళ్తే జరిమానా పడుతోందని రావడం మానేశాడు.

పాపం ప్లాస్టిక్ బిందెల సింహాచలం ఇంకా ఇరుక్కున్నాడు. అతను ఎప్పట్నుంచో మోపెడ్ మీద కొండంత బిందెల మోపు కట్టుకుని తిరిగి అమ్ముకుంటాడు. తనిఖీవాళ్లు అతని మోపుని తూచి బరువు చాలలేదన్నారు.

"బిందెలు తేలిగ్గా ఉంటేనే గదా సార్ కొంటారు?" అన్నాడు సింహాచలం.

"కొనడంతో మాకు సంబంధం లేదు. మొయ్యడం వరకే మా పరిధి," అన్నారు వాళ్లు.

అప్పట్నుంచి సింహాచలం బిందెల్లో ఇసక పోసుకుని తిరిగాడు. కొనడానికి వచ్చినవాళ్లు బిందె ఎత్తలేక వదిలేసి పోయేవారు.

గవర్రాజుకి ఇవన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. కానీ ఆయన మనసంతా ఒక్క విషయం మీదే ఉంది. అనసూయ టీచరు గారికి మాట చెప్పాలి. చెప్పాలంటే ముందు తనకో మాట ఉండాలి. ఉండాలంటే సత్యవేణి ఇంకోసారి చెప్పాలి. ఎక్కడ చెబుతుంది?

ఒకరోజు ఆఫీసు నుంచి ఫోను చేశాడు. "ఆ వాటా సంగతి," అన్నాడు మెల్లిగా. అవతల వంటింట్లో ఇద్దరు మరదళ్లూ ఉల్లిపాయలు తరగడం ఆపేసిన నిశ్శబ్దం ఆయనకి కూడా వినపడింది. "ఆఁ. ఊఁ. అలాగేనండి. పప్పు మాడిపోతంది," అని పెట్టేసింది సత్యవేణి. మరోరోజు భోజనం దగ్గర కళ్లతో సైగ చేశాడు. కంట్లో నలకేదో పడిందని తమ్ముడు టార్చిలైటు తెచ్చాడు.

ఆ తర్వాత ఓ సాయంత్రం మార్కెట్టు నుంచి సత్యవేణి నడిచి వస్తోంది. చేతిలో సంచీ, సంచీలో వంకాయలూ గుమ్మడికాయా. వెనక నుంచి కూలరు కట్టుకుని గవర్రాజు వచ్చాడు. కూలరు తాడు మెడ మీదుగా వెళ్లింది కాబట్టి తల తిప్పడానికి లేదు. ముందుకి చూస్తూనే బండి నెమ్మది చేశాడు.

"సంచీ ఇలా ఇవ్వు. పైన పెడతాను," అన్నాడు.

"సంచీ ఎక్కొచ్చా?"

"సరుకు కదా. ఎక్కొచ్చు."

సత్యవేణి సంచీ రెండో చేతికి మార్చుకుంది. "గుమ్మడికాయకి ఉన్న పాటి చోటు నాకు లేకపోయింది చూడండి," అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండునని గవర్రాజుకి ఆ తర్వాత ఎన్నోసార్లు అనిపించింది. సంచీ ఇవ్వలేదు. ఆయన ముందు వెళ్లిపోయాడు, ఎందుకంటే వెనక బరువు అంత ఉంటే నెమ్మదిగా వెళ్తే బండి పడిపోతుంది. ఆ రోజు గవర్రాజుకి ఏడుపొచ్చింది. హెల్మెట్టు ఉండడం వల్ల ఎవరికీ తెలియలేదు.

పథకం మాత్రం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది. పై అధికారులు మెచ్చుకుని ఫొటోలు పంపమన్నారు. ఫొటోలు చూసిన కమిషనర్ గారి మొహం చిన్నబోయింది.

"బరువుంది గాని వైభవం లేదు," అన్నారు. "విదేశాల్లో ఎలా ఉందని చెప్పారు మీరు? ఆకాశాన్ని అంటుతున్నట్టు లేదూ? ఇక మీదట మోపు నడిపేవాడి తల కంటే ఎత్తుగా ఉండాలి."

దాంతో గవర్రాజు కూలరు మీదకి ఓ కుర్చీ, కుర్చీ మీదకి ఓ పూలకుండీ ఎక్కాయి. తలకంటే ఎత్తున్న మోపులతో జనం దారుల్లో వంగి వెళ్లడం నేర్చుకున్నారు. కరెంటు తీగలకి తగులుతుంటే మున్సిపాలిటీ వాళ్లు తీగల్నే పైకి ఎత్తారు.

అంతలో నెలాఖరు వచ్చింది. అదే రోజు ఆ తూర్పు దేశం నుంచి ఐదుగురు ఇంజనీర్లు మన ఊరి కాలవలు చూడడానికి వచ్చారు. వాళ్లకీ మనలాగే వెళ్లిన చోట ఏదో ఒక పాఠం గ్రహించి రావాలని నిబంధన ఉందట. వాళ్ల పెద్ద ఒక ముసలావిడ. పొట్టిగా, చురుగ్గా ఉంది. ఆవిడ మాట మనకీ మన మాట ఆవిడకీ చెప్పడానికి ఓ దుబాసీని పెట్టారు.

కమిషనర్ గారు కాలవలు చూపించలేదు. మున్సిపల్ మైదానంలో ఊరేగింపు ఏర్పాటు చేశారు. ఓ పక్క మహిళా సంఘాల వాళ్లని కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఆ కుర్చీల్లో మూడో వరసలో సత్యవేణి ఉంది. అన్నిటికంటే ముందు గవర్రాజు స్కూటరు. వెనక బీరువా, రుబ్బురోలు, ఇసక బిందెలు, ఇనప మంచాలు. మైకులో పాట కూడా వేశారు.

ముసలావిడ ఒక్కో బండినీ పరీక్షగా చూసింది. తర్వాత దుబాసీని ఏదో అడిగింది.

"ఈ సామాను ఎక్కడికి వెళ్తోందని అడుగుతున్నారండీ."

"ముందుకి!" అన్నారు కమిషనర్ గారు గర్వంగా.

"ఎవరికోసమని అడుగుతున్నారు."

"ప్రజా శ్రేయస్సు కోసం."

అప్పుడు గవర్రాజు స్కూటరు ఆపాడు. మెడ మీద తాడు ఉండగానే గట్టిగా అన్నాడు. "సార్, నాదో ప్రశ్న అడిగించండి. వాళ్ల దేశంలో అంత సామాను కట్టుకుని వెళ్తారే, మరి వాళ్లావిడ ఎక్కడ కూర్చుంటుంది?"

దుబాసీ చెప్పగానే ముసలావిడ ఫక్కున నవ్వింది. ముడతలన్నీ కదిలేలా నవ్వి, చేతులు ఊపుతూ చెప్పింది. దుబాసీ ఒక్కో మాటా అందించాడు.

"సాయంత్రం కూర్చుంటుందట. పొద్దున్న అంత మోపు కట్టేది అందుకేనట. పనంతా ఒక్క తడవలో తేలిపోవాలని. రెండు తడవలైతే ఇంటికి చేరడం ఆలస్యమవుతుంది. సామాను అమ్ముడైపోగానే ఆవిణ్ని ఎక్కించుకుని ఏటి ఒడ్డు దాకా వెళ్తారట. ఈవిడ మొగుడు ముప్ఫయ్యేళ్లు బుట్టలు మోశాడట. మీవాళ్లు సాయంత్రం ఎప్పుడూ చూడలేదా అంటున్నారు."

గవర్రాజు చూడలేదు. సాయంత్రం ఆయన మందు మత్తులో నిద్రపోయేవాడు.

ఆయన మెడ మీది తాడు తీసేశాడు. పూలకుండీ దించాడు, కుర్చీ దించాడు, ఆఖరికి కూలరుని ఒళ్లోని పిల్లాణ్ని దించినట్టు నేల మీద పెట్టాడు. మైకులో పాట ఎవరో ఆపేశారు. గవర్రాజు మూడో వరస వైపు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి పిలిచాడు.

"సత్యవేణీ! రా! నీ సీటు నువ్వు తీసుకో!"

సత్యవేణి సిగ్గుతో ఎర్రబడిపోయింది. అయినా లేచింది. వరసలోంచి అందరి మోకాళ్లూ దాటుకుంటూ వచ్చి, చీర సర్దుకుని స్కూటరెక్కింది. ఆయన భుజం మీద చెయ్యేసింది. స్కూటరు మైదానం గేటు దాటిపోయింది. విదేశీ ఇంజనీర్లు ఐదుగురూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కమిషనర్ గారికి నోట మాట రాలేదు, బహుశా ఉద్యోగంలో మొదటిసారి.

స్కూటరు మార్కెట్టు దాటింది.

"ఏమంటారు?" అంది సత్యవేణి.

"ఇంకోసారి చెప్పు."

ఆవిడ చెప్పింది. రెండు గదులు, ముందు వరండా, తలుపేసుకునే వీలు. కాలవ గట్టు ఎక్కేసరికి గవర్రాజుకి తన అభిప్రాయం ఏమిటో తెలిసిపోయింది.

కానీ నెలాఖరు వచ్చేసిందే, ఇన్నాళ్లూ మాట చెప్పకపోతే వాటా ఎప్పుడో పోయి ఉంటుందని భయపడుతూ మెట్లెక్కారు. అనసూయ టీచరు గారు తలుపు తీసి ఆశ్చర్యంగా చూసింది.

"ఎక్కడికీ పోలేదయ్యా వాటా. మీరు రారేమోనని ఈ వారంలో చాలామందికి చూపించాను. అందరూ మగాళ్లే వచ్చారు. అందరూ ఇల్లు బాగుందండీ, మా ఆవిడ చూసి చెబుతుంది అని వెళ్లారు. ఒక్క ఆవిడంటే ఒక్క ఆవిడా రాలేదు. ఊళ్లో ఆడవాళ్లందరికీ ఏమైందో ఏమిటో."

భార్య చూడకుండా ఇల్లు అద్దెకి తీసుకునే మగవాడు కోటనల్లూరులో లేడు. ఆ ఒక్క మేలూ పథకం వల్లే జరిగిందని ఒప్పుకోవాలి.

ఇంటికి వెళ్లి గవర్రాజు అమ్మ ముందు నిలబడ్డాడు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు మొదలుపెట్టబోయాడు.

"కాలవ గట్టు వాటా సంగతేనా?" అంది సుబ్బాయమ్మ గారు అప్పడాలు తిరగేస్తూ.

"నీకెలా తెలుసమ్మా?"

"ఓరి వెర్రి నాగన్నా! హెల్మెట్టు పెట్టుకుని మీ ఇద్దరూ చెప్పుకునే రహస్యాలు ఇరవయ్యేళ్లుగా బజారంతా వింటన్నార్రా. కూరల కొట్టు నూకాలమ్మ నాకు నెల కిందటే చెప్పింది. మీ అంతట మీరు చెబుతారని చూస్తన్నాను." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ నవ్వింది. "వెళ్లండి. కాలవ గట్టేమన్నా కాశీయా? రోజూ వచ్చి కనపడితే చాలు. ఆ కూలరు మాత్రం మళ్లీ నా ఇంట్లోకి తేకు."

తన ఉద్యోగం ఇక పోయినట్టేనని గవర్రాజు నీళ్లొదులుకున్నాడు. కానీ వారం తిరక్కుండా ఆ దేశం నుంచి ప్రశంస వచ్చింది. కోటనల్లూరులో తాము గ్రహించిన పాఠం అమోఘమనీ, బరువు దించి భార్యని ఎక్కించుకునే ఆ పద్ధతిని తమ నగరాల్లో ప్రోత్సహించబోతున్నామనీ రాశారు. తమ దగ్గర ఎప్పట్నుంచో ఉన్నదే వాళ్లకి ఇక్కడ కొత్తగా కనిపించింది. పాఠం గ్రహించాలన్న నిబంధనకి ఎంత బలముందో చూడండి.

విదేశం మెచ్చిందని తెలియగానే కమిషనర్ గారు తేరుకున్నారు. "ఇది పథకం రెండో దశ అని నేను మొదటి నుంచీ ఉద్దేశించినదే," అని ప్రకటించారు. ఇక మీదట పొద్దుట పూట సరుకు, సాయంత్రం పూట జీవిత భాగస్వామి. వెనక కూర్చున్నవారు ప్రయాణంలో మాట్లాడుతూ ఉండాలి, మౌనంగా ఉంటే జరిమానా. పెళ్లికానివాళ్లు మినహాయింపుకి దరఖాస్తు చేసుకోవాలి. కొందరు వెళ్లి బుల్లబ్బాయిని కదిపి చూశారు.

"ఆయ్, సామాను వరకేనండి," అని చేతులు జోడించాడు బుల్లబ్బాయి. "మనుషులు మాట్లాడతారండి. అది మనం తట్టుకోలేమండి."

మంచి రోజు చూసుకుని గవర్రాజు ఇల్లు మారాడు. రెండు తడవలు తిరిగితే సాయంత్రమైపోతుందని సామానంతా ఒకే మోపు కట్టాడు. మడత మంచం, పరుపు చుట్ట, గిన్నెల బుట్ట, మిక్సీ, పెళ్లినాటి నిలువుటద్దం, పైన కుండీతో సహా కరివేపాకు మొక్క. పైనుంచి చూస్తే మోపే తప్ప మనిషి కనిపించడు. కాలవ వంతెన దగ్గర తనిఖీ ఉద్యోగి చెయ్యడ్డం పెట్టాడు. ఎత్తు చూశాడు, బరువు చూశాడు, రెండూ సరిపోయాయి.

"ఎక్కడికి సార్?" అని అడిగాడు.

"ఇంటికి."

తనిఖీ ఉద్యోగి పథకం మొదలైన దగ్గర్నుంచీ ప్రతి బండినీ ఆ మాటే అడుగుతున్నాడు. జవాబు రావడం ఇదే మొదలు. పక్కకి తప్పుకుని, మొక్క ఒరుగుతుంటే చెయ్యేసి సరిచేసి పంపించాడు.

మధ్యాహ్నానికి సామాను మేడ ఎక్కింది, గవర్రాజు ఆఫీసుకెళ్లాడు. సాయంత్రానికి వెనక సీటు ఖాళీగా ఉంది. ఆఫీసు గేటు దగ్గర సత్యవేణి సంచీతో నిలబడి ఉంది. ఎక్కి, భుజం మీద చెయ్యేసి కూర్చుంది. స్కూటరు మార్కెట్టు దాటింది, ఆవిడ నోరు విప్పలేదు. వంతెన దగ్గర పొద్దుటి ఉద్యోగే ఈల ఊదాడు.

"అమ్మగారూ, మాట్లాడాలమ్మా. రూలు."

సత్యవేణి ఆయన చెవి దగ్గరికి వంగింది.

"ఇంటికెళ్లాక చెప్తాను," అంది.

గవర్రాజు తలూపాడు.